ఉత్తీర్ణతా పరీక్షలు - సమన్యాయం: అమెరికా ఉన్నత పాఠశాలల్లో వలస, ప్రత్యేక విద్యా విద్యార్థులు (1978-2015)

ఉపోద్ఘాతం:

పదవ తరగతి పబ్లిక్ పరీక్ష మనకు తరతరాలుగా పరిచయమైన వ్యవస్థ. అమెరికాలో దేశమంతటికీ వర్తించే అటువంటి పరీక్ష లేదు. పన్నెండవ తరగతి వరకు నిర్ణీత పాఠ్యాంశాలను పూర్తి చేసిన విద్యార్థికి హైస్కూల్ డిప్లొమా, అంటే పాఠశాల పట్టా, ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. చదవడం, లెక్కలు చేయడం సరిగా రాకుండానే పిల్లలు పట్టాతో బయటికి వస్తున్నారన్న విమర్శ 1970లలో బలపడింది. దాంతో అనేక రాష్ట్రాలు పట్టాకు ప్రత్యేక పరీక్షలో ఉత్తీర్ణతను నిబంధనగా చేర్చాయి. ఇంగ్లీషు నేర్చుకుంటున్న వలస కుటుంబాల పిల్లలకు, ప్రత్యేక విద్య పొందుతున్న పిల్లలకు ఇది పెద్ద అవరోధమైంది. ఈ పరీక్షలపై నడిచిన ప్రధాన వ్యాజ్యాలను పరిశీలిస్తే, ఊరట లభించిన సందర్భాల్లో సైతం అది ఎక్కువగా గడువు రూపంలోనో, మినహాయింపు రూపంలోనో లభించింది. బోధన రూపంలో లభించడం అరుదు. దీనిని నిరూపించడమే ఈ వ్యాస ఉద్దేశం.

బోధన - పరీక్ష:

ఫ్లోరిడా రాష్ట్రం 1978లో పట్టాకు అక్షరాస్యతా పరీక్షను తప్పనిసరి చేసింది. దీనిపై నల్లజాతి విద్యార్థులు వేసినదే ‘డెబ్రా పి. - టర్లింగ్టన్’ వ్యాజ్యం. జాతులవారీగా విడదీసిన పాఠశాలల్లో చదువు మొదలుపెట్టిన తరం వారిది. 1979లో ఫెడరల్ జిల్లా న్యాయస్థానం ఈ నిబంధన అమలును 1982-83 విద్యాసంవత్సరం వరకు నిలిపివేసింది. 1981లో అప్పీలు న్యాయస్థానం మరో మెట్టు ముందుకు వెళ్లి, తరగతిలో బోధించని విషయాలపై పరీక్ష పెట్టి పట్టా నిరాకరించడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. తరువాతి వ్యాజ్యాలన్నింటికీ ఈ సూత్రమే ఆధారం.

ప్రత్యేక విద్యకు ఈ సూత్రం 1983లో ఇల్లినాయిస్‌లోని పియోరియా నగరానికి చెందిన ‘బ్రూక్‌హార్ట్’ వ్యాజ్యంలో వర్తించింది. వైకల్యమున్న విద్యార్థులకు కూడా పరీక్ష పెట్టవచ్చునని, పరీక్షించే విషయాన్ని వారికోసం మార్చనవసరం లేదని అప్పీలు న్యాయస్థానం అభిప్రాయపడింది. అయితే ఆ పిల్లల వ్యక్తిగత విద్యాప్రణాళికలు ఈ పరీక్షను దృష్టిలో పెట్టుకొని తయారైనవి కావు. కనుక ఏడాదిన్నర ముందు తెలియజేయడం చాలదని, ఆ వాదులకు పట్టాలివ్వాలని తీర్పు చెప్పింది.

భాష - సమానత్వం:

ఇంగ్లీషు రాని పిల్లలకు ఇతరులతో సమానంగా అవే పుస్తకాలు, అదే బోధన అందించినంత మాత్రాన సమానత్వం సిద్ధించదని సుప్రీంకోర్టు 1974లోనే ‘లా - నికోల్స్’ తీర్పులో స్పష్టం చేసింది. అది శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనా సంతతి విద్యార్థుల వ్యాజ్యం. కాని ఉత్తీర్ణతా పరీక్షల విషయంలో ఈ వాదం అంత సులభంగా నిలబడలేదు. టెక్సాస్ పరీక్షపై 2000లో వచ్చిన తీర్పు, నల్లజాతి, హిస్పానిక్ విద్యార్థులు ఎక్కువగా నష్టపోతున్నారని అంగీకరిస్తూనే పరీక్షను సమర్థించింది.

కాలిఫోర్నియా అనుభవం:

కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి, 2006లో ఉత్తీర్ణులయ్యేవారి నుండి పరీక్షను తప్పనిసరి చేసింది. ప్రత్యేక విద్యా విద్యార్థులకు ఆ సంవత్సరం శాసనసభ మినహాయింపునిచ్చింది. ఇంగ్లీషు నేర్చుకుంటున్నవారికి అటువంటి మినహాయింపు దక్కలేదు. వారు ఇంగ్లీషు పరీక్షను ఇంగ్లీషులోనే గట్టెక్కాలి. ‘వాలెంజుయేలా’ వ్యాజ్యంలో అలమెడా కౌంటీ న్యాయస్థానం 2006 మే 12న నిబంధనను నిలిపివేసింది. మే 24న రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే విధించింది. సమాన విద్యావకాశం కొరవడితే అవకాశాన్ని కల్పించాలే తప్ప పట్టా ఇవ్వడం పరిహారం కాదన్నది ఆగస్టులో అప్పీలు న్యాయస్థానం వాదన.

ఈ వాదనను తేలికగా తోసిపుచ్చలేము. నైపుణ్యం లేని పట్టా విద్యార్థినే మోసగిస్తుంది. అయితే పాఠశాల నేర్పనిదానికి శిక్ష విద్యార్థి అనుభవించడం కూడా అన్యాయమే. ఈ రెండింటి నడుమ దారి చూపినది తీర్పు కాదు, రాజీ. దాని ఫలితంగా 2007లో వచ్చిన చట్టం, తప్పినవారికి పన్నెండవ తరగతి తరువాత మరో రెండేళ్ల బోధన పొందే హక్కునిచ్చింది.

ముగింపు:

2015లో కాలిఫోర్నియా ఈ పరీక్షను నిలిపివేసి, 2003-04 నుండి ఇతర అర్హతలన్నీ ఉండి కేవలం పరీక్ష వల్ల పట్టా కోల్పోయినవారికి దానిని మంజూరు చేసింది. 2006లో పద్దెనిమిదేళ్ల వయసున్న విద్యార్థికి అప్పటికి ఇరవై ఏడేళ్లు. ఉద్యోగానికి తొలి అర్హతగా పట్టా అడిగే సమాజంలో ఆ తొమ్మిదేళ్లకు పరిహారం లేదు. గడువు పరీక్షను వాయిదా వేసింది. మినహాయింపు విద్యార్థిని పరీక్ష నుండి తప్పించింది. ఆలస్యంగా అందిన పట్టా చదువును వెంట తేలేదు. కనుక ఇటువంటి పరీక్ష న్యాయబద్ధతను నిర్ణయించేటప్పుడు ప్రశ్నపత్రం కంటే ముందు, ఆ విద్యార్థికి అర్థమయ్యే భాషలో, అనువైన పద్ధతిలో బోధన జరిగిందా లేదా అన్నదే పరిశీలించాలి. అందుకు ఆధారం చూపవలసిన బాధ్యత పాఠశాలదే అవుతుంది.