పాఠంగా మారిన ఊరు

నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో ఉన్న మా దూబగుంట పేరు రాష్ట్రమంతటికీ తెలిసింది ఒకే ఒక్క సంగతి వల్ల. 1992లో సారా మీద ఆడవాళ్లు చేసిన పోరాటం ఇక్కడ మొదలైందని పుస్తకాల్లో రాశారు. పెన్నా కాలువల నీళ్లు పారే పల్లపు సీమ కాదు మాది. వానను, చెరువును నమ్ముకున్న మెట్ట. ఇలాంటి ఊరి నుంచి ప్రభుత్వాన్ని కదిలించిన ఉద్యమం ఎలా వచ్చిందని అడిగితే తలా ఒక జవాబు చెబుతారు. కలెక్టరాఫీసు నడిపిన అక్షరాస్యత కార్యక్రమం వల్ల వచ్చిందని కొందరు, పత్రికలు రాయబట్టి నిలబడిందని కొందరు, ముఖ్యమంత్రి ఎన్టీఆర్ సంతకంతోనే పని జరిగిందని ఇంకొందరు అంటారు. ఎక్కువ మంది ఆ పోరాటంలో ముందు నిలిచిన రోశమ్మ పేరు చెప్పి ఊరుకుంటారు. వీటిలో ప్రతి మాటలోనూ కొంత నిజముంది. కానీ ఈ ఊరి ఆడవాళ్లను మార్చింది అచ్చం తమలాంటి ఆడవాళ్లేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎంతో ఎత్తున ఉన్నవాళ్లను చూస్తే మనం దణ్ణం పెట్టి మన దారిన మనం పోతాం. మనతో పాటు కూలికి వచ్చే మనిషి ఒక అడుగు ముందుకేస్తే, మనమూ వెయ్యొచ్చు కదా అనిపిస్తుంది. దూబగుంట చరిత్రను దగ్గరగా చూస్తే ఈ రెండో పద్ధతిలోనే అంతా జరిగింది.

నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం 1991 నాటికి ఊపందుకుంది. దాని పేరు అక్షరదీపం. జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు, కళాజాతాల వాళ్లు ఊరూరా తిరిగి పాటలతో, ఆటలతో జనాన్ని పోగుచేశారు. జీతం లేని వాలంటీర్లు సాయంత్రం పూట చదువు చెప్పారు. పగలంతా పొలంలో వంగి పనిచేసి, ఇంటికొచ్చి పొయ్యి రాజేసి, పిల్లలకు అన్నం పెట్టి, అప్పుడు పలక పట్టుకుని వచ్చినవాళ్లే అందులో ఎక్కువ మంది. వాళ్ల చేతికి వచ్చిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. మొగుడు కూలి డబ్బులన్నీ సారా అంగడిలో పోస్తుంటే ఇల్లు గడవని ఒక పేద ఆడమనిషి, తోటివాళ్లు ధైర్యం చెప్పగా ఊళ్లోని ఆడవాళ్లను కూడగట్టి ఆ అంగడి మూయిస్తుంది. కథ అంతే. సీతమ్మ ఝాన్సీ రాణీ కాదు, రుద్రమదేవీ కాదు. ఆమె ఇంట్లో ఉన్న లేమి, ఆమె ఒంటి మీద పడిన దెబ్బ, ఆమెకు ఎదురైన అంగడి చదివేవాళ్లకు రోజూ తెలిసినవే. తెలియనిది ఒక్కటే, ఆమె చేసిన పని. కొత్తగా నేర్చుకోవలసింది అంత కొద్దిగా ఉన్నప్పుడు, పాఠం పుస్తకంలోంచి ఇంట్లోకి రావడానికి ఎంతో కాలం పట్టదు.

తరవాత జరిగింది ఇంకా విశేషం. మా ఊళ్లో తాగిన మత్తులో ఇద్దరు చెరువులో పడి చనిపోయారు. ఆడవాళ్లు ముందుగా ఊరి పెద్దల దగ్గరికి వెళ్లి అంగడి మూయించమని అడిగారు. వాళ్లు పట్టించుకోలేదు. అప్పుడు దాదాపు వందమంది కలిసి ఊరి బయటికి వెళ్లి కల్లు బండిని ఆపి వెనక్కి పంపారు. సారా తెచ్చిన జీపుకూ అదే గతి పట్టించారు. పోలీసులు వస్తే భయం వేసింది, అయినా కదల్లేదు. అవసరమైతే కలెక్టరు దగ్గరికే పోతామని చెప్పారు. ఆ ఏడాది ఊళ్లో సారా వేలం పాట పాడడానికి ఎవరూ ముందుకు రాలేదు. అక్షరదీపం వాళ్లు ఈ కథను తరవాతి దశ వాచకంలో ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠంగా వేశారు. పుస్తకంలోని సీతమ్మను చూసి కదిలిన ఊరు తానే పుస్తకంలోకి ఎక్కింది. జిల్లాలోని మిగతా ఊళ్లలో పలక పట్టిన ఆడవాళ్లు ఈసారి చదివింది కల్పిత కథ కాదు. కావాలంటే బస్సెక్కి వచ్చి చూడగలిగిన ఊరు, మాట్లాడగలిగిన మనుషులు. పాఠానికి బలం అక్కడ వచ్చింది. సారా వ్యాపారుల వైపు నుంచి ఒత్తిడి వచ్చి ఆ పాఠాన్ని తీసేయించారంటేనే దాని దెబ్బ ఎక్కడ తగిలిందో తెలుస్తుంది.

1992 నడిచేకొద్దీ జిల్లాలో ఎన్నో ఊళ్లు ఇదే దారి పట్టాయి. చీపురుకట్టలు, కారంపొడి పట్టుకుని ఆడవాళ్లు అంగళ్ల ముందు కూర్చున్నారు, ప్యాకెట్లు చింపి మట్టిలో పోశారు. నెల్లూరులో జరగాల్సిన సారా వేలం పదేపదే వాయిదా పడింది. ఇక్కడ ప్రభుత్వానికి పోయేది చిన్న మొత్తం కాదు. 1970ల మొదట్లో 40 కోట్లు కూడా లేని ఎక్సైజు రాబడి 1991–92 నాటికి 800 కోట్లు దాటింది. వారుణి వాహిని పేరుతో 1980లలో ప్రభుత్వం సారాను ప్యాకెట్లలో పెట్టి ఊరి గుమ్మం దాకా తెచ్చాక తాగుడు పెరిగింది, దాంతోపాటు రాబడీ పెరిగింది. అంత డబ్బు వదులుకోవడానికి ఏ ప్రభుత్వమూ తనంతట తాను సిద్ధపడదు. అయినా 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించక తప్పలేదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం గట్టిదే. పుస్తకం అచ్చేసింది ప్రభుత్వం, కార్యక్రమం నడిపింది అధికారులు. ఆ పుస్తకమే లేకపోతే ఈ ఆడవాళ్లు కదిలేవాళ్లా అని అడుగుతారు. కదిలేవాళ్లు కాదేమో. అక్షరదీపం పెట్టినవాళ్లకు మా ఊరు ఎప్పటికీ రుణపడి ఉంటుంది. కానీ అదే వాచకం అన్ని ఊళ్లకూ వెళ్లింది. పాఠాన్ని బడిలోంచి కల్లు బండి దాకా నడిపించినవాళ్లు మొదట ఇక్కడే కనిపించారు. పైగా పై నుంచి వచ్చిన నిషేధాలు మనకు కొత్త కాదు. మద్రాసు రాష్ట్రం నాటి మద్యనిషేధ చట్టం కోస్తాలో 1960ల చివరి దాకా కాగితం మీద ఉండనే ఉంది. దాన్ని తీసేసినప్పుడు అడ్డుపడి ఏ ఊరి ఆడవాళ్లూ దారికి అడ్డంగా కూర్చున్నట్టు చరిత్రలో కనబడదు. ఉత్తర తెలంగాణలో 1990 ప్రాంతంలో నక్సలైట్లు సారాను ఆపించారు. అక్కడ తుపాకీ భయమూ పనిచేసింది. దూబగుంటలో ఎవరి చేతిలోనూ అధికారం లేదు, ఆయుధం లేదు. ఒకరిని చూసి ఒకరు బయటికి వచ్చారు, అంతే. పత్రికల సంగతీ ఇలాంటిదే. ఈనాడు ప్రత్యేకంగా పేజీ కేటాయించి రాసిన మాట నిజం, దాని వల్ల ఉద్యమం జిల్లా దాటిన మాట కూడా నిజం. అయితే ఆ పేజీ నిండింది ఊళ్ల పేర్లతో, ఆడవాళ్ల మాటలతో. ఒక ఊరి కబురు ఇంకో ఊరికి చేరవేసింది కాబట్టే దానికి అంత విలువ వచ్చింది.

రెండో అభ్యంతరం నాకు ఎక్కువ బాధ కలిగించేది. చివరికి ఏం మిగిలిందని అడుగుతారు. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ మద్యనిషేధం మీద తొలి సంతకం చేశారు, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు, ఇవాళ ప్రతి రోడ్డు మీదా మందు షాపు ఉంది. మరి ఆ పోరాటం వృథా కాదా అంటారు. తాగుడు పోలేదు, కాదనను. పోయిందని చెబితే అబద్ధం ఆడినట్టే. కానీ 1997లో తిరిగి వచ్చింది ఇండియన్ మేడ్ ఫారిన్ లిక్కర్. ఈ ఆడవాళ్లు తరిమిన సారాకు మళ్లీ లైసెన్సు రాలేదు. ప్రభుత్వమే ప్యాకెట్ కట్టి ఊళ్లోకి పంపే రోజులు తిరిగి రాలేదు. అంతకంటే పెద్ద ఫలితం ఇంకోటుంది, దాన్ని మద్యం లెక్కల్లో వెతికితే దొరకదు. సారా మానిపించిన ఇళ్లలో మిగిలిన డబ్బును రోజుకు రూపాయి చొప్పున దాచుకోవడం నెల్లూరు జిల్లాలో మొదలైంది. దాన్ని పొదుపులక్ష్మి అన్నారు. నెలకు ముప్పై రూపాయలు, ఒక రిజిస్టరు, అందులో వేలిముద్రకు బదులు సంతకం. ఎవరింట్లో పిల్లకు జ్వరమొచ్చినా, ఎవరికి విత్తనాలకు డబ్బు తక్కువైనా వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కకుండా ఆ పొదుపులోంచి తీసుకోవడం అలవాటైంది. తరవాత రాష్ట్రమంతటా పెరిగిన డ్వాక్రా సంఘాలకు ఈ పొదుపు ముందు నడిచిన బాట. ఇక్కడా అదే పద్ధతి: పక్క వీధిలో పది మంది కూడబెట్టి బర్రెను కొన్నారని విని, ఈ వీధిలో పది మంది కూడారు. బ్యాంకులు తరవాత వచ్చాయి.

ఇక రోశమ్మ. వర్ధినేని రోశమ్మ పేరు లేకుండా దూబగుంట కథ లేదు, ఉండకూడదు. 2016లో ఆమె కన్నుమూసినప్పుడు రాష్ట్రమంతా మా ఊరిని తలుచుకుంది. కానీ ఒక్క పేరే చెప్పి ముగించడం ఆమెకే అన్యాయం చేస్తుందని నా అభిప్రాయం. ఆమెను విగ్రహం ఎత్తుకు లేపేకొద్దీ ఈ కాలం ఆడపిల్లకు ఆమె దూరమవుతుంది. అలాంటి మనిషి నూటికో కోటికో ఒక్కరు పుడతారు, నావల్ల కాదు అనిపిస్తుంది. రోశమ్మకు ఎడమ పక్కన ఎవరు నిలబడ్డారో, వెనకాల ఎవరున్నారో, భయపడి కూడా ఇంటికి పోకుండా ఆగిపోయింది ఎవరో చెబితే ఆ పిల్ల తనను ఆ గుంపులో చూసుకోగలదు. వంద మంది వెళ్లారని రాసిన పుస్తకాలు ఆ వందలో ఇద్దరు ముగ్గురి పేర్లు కూడా రాయలేదు. పలక పట్టుకుని పాఠం చెప్పిన వాలంటీర్ల పేర్లూ లేవు.

అప్పుడు ముప్పై ఏళ్లున్న ఆడవాళ్లు ఇప్పుడు అరవై దాటి ఉన్నారు, పెద్దవాళ్లు చాలా మంది వెళ్లిపోయారు. ఇప్పటికైనా పంచాయతీ, స్కూలు టీచర్లు, సంఘం లీడర్లు కలిసి ఇంటింటికీ వెళ్లి వాళ్ల పేర్లు, వాళ్లు చెప్పే మాటలు రాసిపెట్టాలి. ఆ పేర్లన్నీ ఒక పలక మీద చెక్కించి బడి గోడకు పెట్టాలి. మీ ఊళ్లోనూ 1992లో అంగడి మూయించిన ఆడవాళ్లు ఉంటే, ఈ పని ఈ ఏడాదే మొదలుపెట్టండి.