‘తండేల్’ చిత్రం – వెనుకనున్న మత్స్యలేశం కథ

2025 ఫిబ్రవరి 7న విడుదలైన ‘తండేల్’ చిత్రం సరిహద్దు తెలుగువారికి పరాయి కథ కాదు. నాగచైతన్య, సాయిపల్లవి నాయికానాయకులుగా చందూ మొండేటి దర్శకత్వం వహించిన ఈ చిత్రాన్ని గీతా ఆర్ట్స్ పతాకంపై బన్నీ వాసు నిర్మించారు. కథ కార్తీక్ తీడది, సంగీతం దేవిశ్రీప్రసాద్‌ది. శ్రీకాకుళం జిల్లా కె.మత్స్యలేశం పరిసరాల మత్స్యకారులకు ఎదురైన చెరే దీనికి మూలం. చిత్రీకరణకు ముందు, 2023లో, దర్శకుడూ కథానాయకుడూ ఆ గ్రామానికి వెళ్లి అక్కడివారితో మాట్లాడారు. గుజరాత్ తీరంలో వేటబోటును నడిపే నాయకుణ్ణి ‘టండేల్’ అంటారు. చిత్రం పేరు ఆ మాటే.

అసలు సంఘటన 2018 నవంబరు నాటిది. గుజరాత్ తీరం నుంచి మరబోట్లలో వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్థాన్ సముద్ర భద్రతా సంస్థ నిర్బంధించి కరాచీకి తరలించింది. నీటి మీద కంచె ఉండదు. పైగా సర్ క్రీక్ వద్ద రెండు దేశాల హద్దు నేటికీ తేలని వివాదమే. గాలివాటుకో, ప్రవాహానికో, చేపల గుంపు వెంటబడో హద్దు దాటిన బోటు తెల్లవారేసరికి పరదేశంలో ఉంటుంది.

వారు చెరలో ఉండగానే 2019 ఫిబ్రవరి 14న పుల్వామా దాడి జరిగింది. అదే ఏడాది ఆగస్టు 5న జమ్మూకాశ్మీరుకు ప్రత్యేక ప్రతిపత్తి రద్దయింది. ఇరుదేశాల మాటలు తెగిపోయాయి, విడుదల వెనుకబడింది. చివరకు 2020 జనవరి 6న ఆంధ్రకు చెందిన 20 మంది మత్స్యకారులు వాఘా సరిహద్దు దాటి స్వదేశంలో అడుగుపెట్టారు. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల సాయం అందించింది.

చిత్రంలోని రాజు, సత్యల ప్రణయం కల్పితం. సత్య వద్దన్నా రాజు సముద్రానికి వెళ్లడం, ఆమె అలగడం కథ అల్లికకు పనికివచ్చాయి. జైలు ఘట్టాలలో కథానాయకుని సాహసానికే పెద్దపీట వేశారు. వాస్తవంలో బరువు మోసినది గ్రామంలో మిగిలిన ఆడవారు. సంపాదన ఆగిపోయి, పిల్లల పోషణ మీద పడి, నాయకుల గడపలకూ అధికారుల గదులకూ అర్జీలు పట్టుకు తిరిగినవారు వారే. సత్య పాత్రలో ఆ తిరుగుడు కొంత కనిపిస్తుంది. ప్రేమకథకు ఇచ్చిన నిడివిలో సగమైనా దానికి ఇచ్చి ఉంటే చిత్రం మరింత నిలిచేది.

తూర్పు సముద్రం ముంగిట ఉండగా పడమటి సముద్రానికి ఎందుకు పోవాలన్న ప్రశ్నను చిత్రం తాకి వదిలేసింది. శ్రీకాకుళం తీరం పొడవైనదే కాని, పెద్ద బోట్లు నిలిచే హార్బరు కొరవడింది. చిన్న పడవల వేట ఇల్లు గడపదు. అందుచేత పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 వరకు ఉండే వేట నిషేధం ముగియగానే, ఆగస్టులో, మగవారు వేరావల్ వంటి రేవులకు రైలెక్కుతారు. బయలుదేరేముందు బోటు యజమాని వద్ద అడ్వాన్సు తీసుకోవడం వాడుక. ఆ అప్పు తీరేదాకా తిరిగిరావడం వారి చేతిలో ఉండదు.

గంజాం తీరపు పరిస్థితి దీనికి దూరం కాదు. హుమ్మ ఉప్పుమడులు దాటి సముద్రం వైపు వెళితే ఋషికుల్య నది ముఖద్వారం, దాని చుట్టూ తెలుగు మాటలాడే మత్స్యకార పల్లెలు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం అటు చేరింది, సోంపేట, ఇచ్ఛాపురం ఇటు మిగిలాయి. పల్లెకారుల బంధుత్వాలు మాత్రం తెగలేదు. ఋషికుల్య వద్ద ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా గుడ్లు పెడతాయి కనుక నవంబరు 1 నుంచి మే 31 వరకు తీరానికి 20 కిలోమీటర్ల లోపు వేట నిషిద్ధం. తాబేళ్ల రక్షణ అవసరమే, కాని ఏడు నెలలు చిన్న పడవవాని పొయ్యి ఎలా వెలుగుతుందన్నది వేరే ప్రశ్న. పక్కనే పొడంపేటలో సముద్రపు కోత ఇళ్లనే మింగింది. ఊరు వెనక్కి జరగవలసి వచ్చింది. ఇటువంటి పల్లెలలోని మగవారు దూరపు రేవులకు వలసపోవడంలో వింత లేదు.

వలస వెళ్లేవారి కుటుంబాలు తెలుసుకోదగిన సంగతి ఒకటుంది. 2008 మే 21న భారత్, పాకిస్థాన్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న తమ జైళ్లలోని ఎదుటి దేశపు ఖైదీల, మత్స్యకారుల జాబితాలను ఇచ్చిపుచ్చుకోవాలి. పట్టుబడినవారిని మూడు నెలల్లోపు స్వదేశపు దౌత్యాధికారి కలవనివ్వాలి. జాతీయత ధ్రువపడి, శిక్ష ముగిసిన నెలలోపు పంపివేయాలి. ఈ గడువులు అన్నివేళలా పాటింపబడవు. జాతీయత ధ్రువీకరణ మాత్రం స్వగ్రామంలో విచారణతో ముడిపడినది. ఊరిపేరు, ఇంటిపేరు కాగితంలో ఒక రకంగా, జాబితాలో మరొక రకంగా ఉంటే జాప్యం తప్పదు. గంజాం పల్లెలలో తెలుగు ఇంటిపేరును ఒడియాలో, ఇంగ్లీషులో రాసేటప్పుడు ఈ తేడా రావడం సులువు. అందుచేత మత్స్యకార గుర్తింపు కార్డు, ఆధార్ నకళ్లు, బోటు రిజిస్ట్రేషన్ నెంబరు, యజమాని పేరు, ఫోన్ నెంబరు వెళ్లేవారి జేబులోనే కాక ఇంటివద్ద కూడా ఉండాలి.