సంగ్రహణి నుండి ఫోలిక్ ఆమ్లం వరకు

అల్సరేటివ్ కోలైటిస్‌కు, క్రోన్స్ వ్యాధికి మందులు వాడుతున్న మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల రోగులు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు: "ఈ చిన్న పసుపు మాత్ర బలానికే కదండీ, మానేస్తే ఏమవుతుంది?" ఆ మాత్ర ఫోలిక్ ఆమ్లం. దాని చరిత్రలో ఒక తెలుగువాని పేగుబాధ ఉన్నది.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో జన్మించారు. ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల వ్యవధిలో స్ప్రూ వ్యాధితో, అనగా మన పెద్దలు సంగ్రహణి అనే జబ్బుతో, మరణించారు. ఆ వ్యాధి ఆయనకూ సోకింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. 1922లో అమెరికా వెళ్ళి, 1940లో లెడర్లే సంస్థలో చేరారు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులలో రక్తహీనతను తగ్గించిన మందులలో అది ముఖ్యమైనది. ఆ పరిశోధన నుండే మెథోట్రెక్సేట్ కూడా పుట్టింది. 1948లో సుబ్బారావు గారు న్యూయార్కులో కన్నుమూశారు.

స్ప్రూ వేరు, కోలైటిస్, క్రోన్స్ వేరు. మొదటిది ఆహారసారాన్ని పేగు గ్రహించలేని స్థితి. తరువాతి రెండింటిలో శరీర రక్షణ వ్యవస్థే పేగుపై దాడి చేస్తుంది. అయినా చరిత్ర ఈ రెండింటినీ కలిపింది. స్వీడన్‌లో నాన్నా స్వార్ట్స్ అనే వైద్యురాలు కీళ్ళ వాపు కోసం రూపొందించిన సల్ఫాసలజీన్ కోలైటిస్‌కు మేలుచేసింది. అయితే అది పేగు ఫోలేట్‌ను గ్రహించడాన్ని తగ్గిస్తుంది. క్రోన్స్‌లో మెథోట్రెక్సేట్ ప్రయోజనాన్ని 1995లో కెనడా పరిశోధకులు నిరూపించారు. అది ఫోలేట్ పనిని అడ్డుకుంటుంది. కనుకనే ఈ మందులతోపాటు పసుపు మాత్ర వ్రాస్తారు. అది కేవలం బలం మాత్ర కాదు.

ఒక హెచ్చరిక. పేగు జబ్బుకు, కీళ్ళకు మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి మాత్రమే. పొరపాటున రోజూ మింగితే నోటిపూత, రక్తకణాల క్షీణత, ప్రాణాపాయం కలుగవచ్చు. ఆ రోజు ఫోలిక్ ఆమ్లం వేసుకోవాలో వద్దో మీ వైద్యుని అడగండి. మార్కాపురం పలకల ఊరు. ఒక పలకపై ఆ వారం పేరు వ్రాసి మంచం దగ్గర గోడకు తగిలించండి. గర్భం దాల్చదలచిన స్త్రీలు చాలా ముందుగానే చెప్పాలి. మెథోట్రెక్సేట్ గర్భిణులకు నిషిద్ధం.

జబ్బు అణగి ఉన్న రోజులలో తోటకూర, పాలకూర, పప్పు మెత్తగా ఉడికించి తినండి. అవి ఫోలేట్‌ను ఇస్తాయి కాని మాత్రకు బదులు కావు. విరేచనాలు తగ్గాయని ఏ మందూ మీ అంతట మీరు ఆపవద్దు. రక్తం కనిపిస్తే మొలలనుకొని ఊరుకోవద్దు. గుంటూరు, ఒంగోలు, కర్నూలు, ఎక్కడికి వెళ్ళినా మీ మాత్రలన్నీ ఒక సంచిలో వెంట తీసుకెళ్ళండి.