రెండు జి.వో.లు, రెండు చెరువులు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాసి పంపమని మిత్రులు అడిగారు. చరిత్ర అనగానే కొండపల్లి కోటో, నూజివీడు జమీందారులో గుర్తుకు వస్తారు. వాటి మీద వ్రాసినవారు చాలామంది ఉన్నారు. బ్రతుకంతా గుమాస్తాగిరీ చేసినవాడికి చరిత్ర జి.వో. నంబర్లలోనే కనిపిస్తుంది. అందుచేత రెండు జి.వో.ల కథ వ్రాస్తున్నాను. రెండూ తిరుపతి పక్కనున్న చెరువులను గురించినవే. విస్సన్నపేట వాడికి తిరుపతి చెరువులతో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. అది ముందుకు పోయినకొద్దీ తెలుస్తుంది.

మా విస్సన్నపేట, తిరువూరు ప్రాంతం మెట్ట. కృష్ణా డెల్టా కాలువలు మా దాకా ఎక్కవు. వాన కురిస్తే చెరువు నిండాలి, చెరువు నిండితేనే వరి, చెరువు నిండితేనే బావిలో ఊట. మా చిన్నతనంలో చెరువు అలుగు పారిందంటే ఊరంతా కట్ట మీదనే ఉండేది. సప్తసంతానాలలో చెరువునూ ఒకటిగా లెక్కించారు మన పూర్వులు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించి వేయించినది. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని అని అందులో ఉన్నది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలనీ, ఆరు దోషాలు ఉండరాదనీ కూడా చెక్కించారు. కట్టలో నీరు కారడం, నేల చవుడు కావడం, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం వంటివి ఆ దోషాలు. ఆనాటికి తాలూకా ఆఫీసులు లేవు కాబట్టి ఏడవ దోషం ఒకటి వారికి తట్టలేదు. అదే ఫైలు.

ఈ మాట వేళాకోళానికి అనడం లేదు. చెరువు పోరంబోకును ఎవరికీ పట్టా ఇవ్వరాదని రెవెన్యూలో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. బోర్డు స్టాండింగ్ ఆర్డరు 15 చదవకుండా పరీక్ష పాసైనవాడు మనలో లేడు. అయితే దానికి దారి కూడా మనవాళ్ళకు తెలుసు. ముందు వర్గీకరణ మార్చాలి. "నీరు చేరుట లేదు, ఆయకట్టు లేదు, నిరుపయోగముగా ఉన్నది" అని మూడు ముక్కలు రిపోర్టులో పడితే చెరువు బంజరవుతుంది. బంజరయ్యాక దాన్ని ఎవరికి ఇచ్చినా రూలుకు వ్యతిరేకం కాదు.

నేనూ ఆ మూడు ముక్కలు వ్రాశాను. 1982లో ఒక ఆఫీసులో యు.డి.సి.గా ఉండగా ఒక ఊరి కుంట ఫైలు నా సీటుకు వచ్చింది. విస్తీర్ణం నాలుగెకరాల చిల్లర. ఇళ్ళ స్థలాలకు కావాలన్నారు. కరణంగారి రిపోర్టు అనుకూలంగానే ఉంది. నీరు చేరడం లేదన్న మాట నిజమే. ఎందుకు చేరడం లేదని నేను అడగలేదు. ఎగువన వాగుకు అడ్డంగా ఎవరో పొలం గట్టు వేసుకున్న సంగతి తర్వాత తెలిసింది. ఆ రోజుల్లోనే ఆ కుంటలో బట్టలు ఉతికే పెద్దాయన ఒకరు అర్జీ పట్టుకొని వచ్చారు. "అయ్యా, గట్టు తీయిస్తే కుంట నిండుతుంది, కుంట పోతే మేమెక్కడికి పోవాలి?" అని అడిగారు. అర్జీ తీసుకొని ఎల్.డిస్. చేశాను. ఎల్.డిస్. అంటే పెన్షనర్లకు చెప్పనక్కరలేదు, పిల్లలకు చెప్పాలి. చర్య అక్కరలేదని పక్కన పెట్టి, ఏడాది నిండాక చించివేసే కాగితం.

ఇక తిరుపతి కథ. ఆ పట్టణం అంచున అవిలాల చెరువు, పేరూరు చెరువు అని రెండున్నాయి. రాయలవారి కాలం నాటివని అక్కడివారు చెప్పుకుంటారు. పట్టణం పెరిగింది, యాత్రికులు పెరిగారు, భూమి ధర పెరిగింది. 1991 మార్చి 15న జి.వో. 181 ద్వారా పేరూరు చెరువు భూమి 150 ఎకరాలను ఇళ్ళ నిర్మాణానికి తిరుమల తిరుపతి దేవస్థానానికి బదలాయించారు. 1994 జనవరి 28న జి.వో. 84 ద్వారా అవిలాల చెరువు భూమి 90 ఎకరాలను గృహనిర్మాణ మండలికి ఇచ్చారు. రెండూ రెవెన్యూ శాఖ జి.వో.లే. వాటి వెనుక ఎంతమంది గుమాస్తాల నోట్లు ఉండి ఉంటాయో నేను ఊహించగలను.

ఆ ఊరి చదువుకున్నవారు ఇంటలెక్చువల్స్ ఫోరం అనే పేరుతో 1994లోనే హైకోర్టుకు వెళ్ళారు. వారు అడిగింది చిన్న విషయం. ఈ చెరువులు పొలాలు తడపకపోతే పోనివ్వండి, పట్టణం కింద నీటిని నింపేవి ఇవేగదా, వీటి మీద ఇళ్ళు కడితే ఆ ఇళ్ళవారు ఏ నీరు తాగుతారు? చెరువులు ఎప్పుడో వాడుక తప్పాయనీ, జనానికి ఇళ్ళు కావాలనీ అవతలి పక్షం వాదన. చూశారా, నా 1982 నోటులోని మాటలే! 2000 సెప్టెంబరులో హైకోర్టు వారి పిటిషన్లను కొట్టివేసింది. ఆరేళ్ళు తిరిగి ఓడినవారు మామూలుగా ఇంటికి పోతారు. వీరు ఢిల్లీకి పోయారు. సుప్రీంకోర్టు నిపుణుల కమిటీ వేయించి, చెరువులను పరిశీలింపజేసి, 2006 ఫిబ్రవరి 23న తీర్పు చెప్పింది. జస్టిస్ రుమా పాల్, జస్టిస్ ఎ.ఆర్. లక్ష్మణన్ ఆ ధర్మాసనంలో ఉన్నారు. మొదటి జి.వో. నుండి లెక్క వేస్తే పదిహేనేళ్ళు.

ఆ తీర్పులో నన్ను ఆకట్టుకొన్నది ఒక అమెరికా సరస్సు పేరు. కాలిఫోర్నియాలో మోనో అనే ఉప్పునీటి సరస్సు ఉంది. దానికి నీరు తెచ్చే వాగులను 1941 నుండి లాస్ ఏంజెలెస్ నగరం తన కుళాయిలకు మళ్ళించుకుంది. నలభై ఏళ్ళలో సరస్సు దాదాపు 45 అడుగులు దిగింది. 1978లో డేవిడ్ గెయిన్స్ అనే యువకుడూ అతని మిత్రులూ కమిటీగా ఏర్పడి పోరాడారు. 1983లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పినదేమంటే, ఇటువంటి జలాలకు ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమే. ఇచ్చేసిన హక్కును కూడా తిరిగి పరిశీలించే బాధ్యత ఆ ధర్మకర్తకు ఉంటుంది. 1994లో, అంటే మన తిరుపతివారు హైకోర్టు మెట్లెక్కిన ఏడాదే, ఆ సరస్సు మట్టం ఎంత వరకు పెరగాలో అక్కడి జలవనరుల బోర్డు నిర్ణయించింది. ఆ మట్టానికి అది ఇంకా చేరలేదు. నీళ్ళు పోయినంత వేగంగా తిరిగి రావు మరి.

ఆ ధర్మకర్త సూత్రాన్ని మన సుప్రీంకోర్టు 1996లో హిమాచల్ ప్రదేశ్ బియాస్ నది ఒడ్డు కేసులో స్వీకరించింది. పదేళ్ళకు దాన్నే అవిలాల, పేరూరు చెరువులకు అన్వయించింది. ఇల్లు కావలసిన మాట నిజమే అయినా, ఇక్కడ ఆ అవసరం పర్యావరణాన్నంతటినీ కాదనేటంత గట్టిది కాదని న్యాయమూర్తులు తేల్చారు.

అప్పటికి కట్టేసిన ఇళ్ళను కూల్చమనలేదు. ఇక మీదట కొత్త కట్టడం వద్దన్నారు. ఉన్న ప్రతి ఇంటి కప్పు మీది వాననీటినీ భూమిలోకి దింపాలన్నారు. బోరు వేసి నీరు తోడడాన్ని నిషేధించారు. పేరూరు చెరువుకు నీరు తెచ్చే బోదెద్దుల వంకను శుభ్రం చేయాలి, మాలపల్లి వద్ద అడ్డుగా ఉన్న చిన్న చెక్‌డ్యామును తీసివేయాలి, చెరువుకు వదలిన స్థలాన్ని కనీసం 50 ఎకరాలకు పెంచాలి, స్వర్ణముఖి నుండి వచ్చే పాత కాలువలు తిరిగి పారించడానికి ఎంత ఖర్చో లెక్క కట్టి కోర్టుకు చెప్పాలి. చెక్‌డ్యామును తీసివేయాలన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఒక వాగు మీది చిన్న అడ్డు వరకు వెళ్ళారు. నేను తాలూకాలోనే ఉండి, ఆ ఊరు పేరు తెలిసి ఉండి, ఒక పొలం గట్టు దాకా పోలేదు.

జాగా అంతా పోయిందా అంటే పోలేదు. పాతిక ముప్పై కుటుంబాలు ఇళ్ళు కట్టుకొని బాగున్నాయి. వారిని ఎవరూ కదిలించనక్కరలేదు, వారు పేదవారే. మిగిలిన ఎకరంన్నరలో పల్లం ఉంది, పెద్ద వాన పడితే మోకాలి లోతు నీరు నిలుస్తుంది. దాన్ని కూడా చెత్తతో, మట్టితో పూడుస్తూ వస్తున్నారు. చుట్టుపక్కల బోర్లు ఒక్కొక్కటే ఎండుతున్నందున ఈమధ్య ఆ ఊరివారే కొందరు కుంటను కాపాడుకోవాలని కూడారు. అర్జీ వ్రాయడం వచ్చినవాడు ఎవడని వెతుక్కుంటూ నా దగ్గరకు వచ్చారు. నా నోటు సంగతి వారికి తెలియదు. ముందు అది చెప్పి, తర్వాత కలం తీశాను. వారిలో ఒక కుర్రవాడు నవ్వి, "అయితే మీకు నంబర్లన్నీ గుర్తుంటాయి తాతగారూ, రాయండి" అన్నాడు. అతడు ఆనాటి పెద్దాయన మనుమడట.

సమాచార హక్కు చట్టం కింద పాత ఆర్.ఎస్.ఆర్. నకలు, ఎఫ్.ఎం.బి. నకలు అడిగాం. నకళ్ళు వచ్చాయి. మొదటి కాగితంలో ఇప్పటికీ "కుంట" అనే ఉంది. ఎగువన వాగు గీత కూడా ఉంది. దాని మీద అర్జీలో మూడు కోర్కెలు పెట్టాం. మిగిలిన భాగాన్ని సర్వే చేసి హద్దురాళ్ళు నాటాలి. రిజిస్ట్రేషన్లు జరగకుండా ఆ నంబరును 22-ఎ జాబితాలో చేర్చాలి. వాగుకు అడ్డం తీసి నీరు రానివ్వాలి. తిరుపతి తీర్పులోని సంబంధిత పేరాలు జతపరచాం. అరవైమంది దాకా సంతకాలు చేశారు, వేలిముద్రలు వేసినవారూ ఉన్నారు.

తేదీ, ముద్ర వేసిన రసీదు అడిగి తీసుకున్నాం. సర్వేయరు వచ్చి గొలుసు వేయవలసి ఉంది. వచ్చిన రోజున నేనూ కట్ట మీద ఉంటానని వారికి చెప్పాను.