గుంటూరు గ్రహణమును హీలియ నామమును

మా చంద్రశేఖరపురమున ఉన్నత పాఠశాలలోఁ జదువు బాలుఁడొకఁడు మూలకముల ఆవర్తన పట్టికను వల్లించుచు నాయొద్దకు వచ్చి, “అయ్యవారూ, హీలియాన్ని గుంటూరులో కనుక్కున్నారంట గదా, యాడ దొరికింది?” అని యడిగెను. మార్కాపురమునఁ బలకరాయి దొరకినట్లు గుంటూరున హీలియము దొరకినదని వాఁడు తలఁచెను. తప్పు వానిది కాదు. “1868లో గుంటూరునందు జాన్సెన్ హీలియమును కనుఁగొనెను” అను వాక్యము ప్రశ్నోత్తర పుస్తకములలోఁ బ్రసిద్ధము. మనవారి కది గర్వహేతువగుటచే నెవ్వరును దానిని శోధింపరు. నేను వ్యాకరణము చదివినవాఁడను. క్రియాపదము కనఁబడినపుడు కర్త యెవ్వఁడు, కర్మ మేది, కాల మెప్పటిదని విచారింపక వాక్యార్థమును అంగీకరింపఁజాలను.

1868 ఆగష్టు 18వ తేదీనాఁటి సంపూర్ణ సూర్యగ్రహణము బిజాపురము, వనపర్తి, గుంటూరు, బందరుల మీఁదుగా సాగెను. సంపూర్ణగ్రాసము గుంటూరున ఐదు నిమిషములకు మించి నిలిచెను. ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రజ్ఞుఁడగు జాన్సెన్ గుంటూరున నొక ఫ్రెంచి వర్తకుని యింట విడిసెను. ఆంగ్ల సేనాధికారి మేజర్ టెనెంటును ఆ యూరనే యుండెను. మద్రాసు నక్షత్రశాలాధిపతి పాగ్సన్ బందరునకు వచ్చెను. ఆ శాలయందే పనిచేయుచుండిన చింతామణి రఘునాథాచార్యులు వనపర్తికిఁ బోయెను. మనవాఁడగు నీ రఘునాథాచార్యుని పేరు పాఠ్యపుస్తకములలోఁ గానరాదు. అది వేఱు కథ.

వీరందఱిని ఆకర్షించినది వర్ణపటదర్శిని యను నూతన యంత్రము. ప్రతి మూలకమును కాలి ప్రకాశించునపుడు తనవే యగు కొన్ని రంగుగీతలను వెలువరించునని అంతకు దాదాపు పదేండ్ల క్రిందట కిర్కాఫ్, బున్సెన్ అను జర్మనులు స్థాపించిరి. తెరవెనుకనున్నవానిని కంఠధ్వనినిబట్టి పోల్చినట్లు, తొమ్మిదికోట్ల మైళ్ల దూరమునందలి పదార్థమును గీతనుబట్టి పోల్పవచ్చును. గ్రహణసమయమున సూర్యబింబపు అంచున నెగయు నెఱ్ఱని జ్వాలలు దేనితో నైనవో తెలిసికొనుటయే వారి కోరిక.

జాన్సెన్ చూచినది మెఱయు గీతలను. ఆ జ్వాలలు కాలుచున్న వాయువులనియు, అందు ముఖ్యమైనది ఉదజని యనియు నిశ్చయించెను. గీతలు మిక్కిలి యుజ్జ్వలముగా నుండుటచే గ్రహణము లేకున్నను గానవచ్చునని తోఁచి, మఱునాఁడు పట్టపగలు యంత్రమును ద్రిప్పి వానిని చూచెను. గుంటూరున జరిగిన నిజమైన నూతనావిష్కార మిదియే. ఒక క్రొత్త మూలకమున్నదని యాతఁడు చెప్పలేదు. బందరున పాగ్సన్ మాత్రము, పసుపుపచ్చ గీతయొకటి సోడియపు గీతల చోటనో వాని చేరువనో యున్నదని గుర్తించెను. ఆ “చేరువనో” యను మాటలోనే హీలియము దాఁగియున్నది. కాని యాతని నివేదిక మద్రాసు దాఁటి విశేషముగాఁ బ్రచారము పొందలేదు.

అక్టోబరు 20వ తేదీన నార్మన్ లాకియర్ ఇంగ్లండునుండి, గ్రహణముతోఁ బనిలేకయే, ఆ జ్వాలల గీతలను చూచెను. అతని వార్తయు జాన్సెన్ లేఖయు పారిస్ విద్వత్పరిషత్తునకు ఒకే దినమున, అక్టోబరు 26న, చేరినవి. 1872లో ఫ్రెంచి ప్రభుత్వమువారు ఇద్దఱి ముఖములతో నొక పతకమును ముద్రించిరి. ఇద్దఱిని గలిపి హీలియమునకుఁ గర్తలుగాఁ జెప్పు వాడుకకు ఆ పతకమును కొంత కారణమని నా యూహ. అది యిచ్చినది జ్వాలాదర్శన పద్ధతికిఁ గాని మూలకమునకుఁ గాదు.

పసుపుగీతను విడువక పట్టినవాఁడు లాకియర్. మీటరులో నూఱుకోట్లవ వంతును నానోమీటరందురు. సోడియపు జంటగీతలు 589.0, 589.6 నానోమీటర్ల చోట నుండఁగా, ఈ గీత 587.6 చోట నుండెను. భూమిమీఁద నెఱిఁగిన యే మూలకమునకును అది సరిపడలేదు. సహాయుఁడగు ఫ్రాంక్‌లాండ్ అనే రసాయనజ్ఞుఁడు ఉదజనియే విపరీతావస్థలో నట్లు కనఁబడునేమో యని సందేహించెను. 1871లో ఎడింబరో సభాధ్యక్షోపన్యాసమున విలియం థామ్సన్ “హీలియము” అను పేరును లోకమునకుఁ దెలిపెను. గ్రీకుభాషలో హీలియోస్ అనఁగా సూర్యుఁడు.

ఇచట వైయాకరణున కొక వినోదము కలదు. సోడియము, పొటాసియము, కాల్షియము అను లోహనామములందలి “ఇయమ్” ప్రత్యయమునే దీనికిఁ జేర్చిరి; ఇదియు లోహమే యని తలంపు. తరువాత తేలినది వాయువు. దాని కుటుంబమువారగు ఆర్గాను, నియాను, క్రిప్టాను, జీనానులు “ఆన్” అంతముగాఁ గలవారు; హీలియ మొక్కటి నేఁటికిని లోహపుఁ బేరుతోనే యున్నది. రూఢి యోగముకంటె బలవత్తరమగుటకు ఇంతకంటె మంచి యుదాహరణము నాకు దొరకలేదు.

గ్రహణము జరిగిన మఱుసటి యేఁడు, 1869లో, రుష్యాదేశీయుఁడు మెండలీవ్ నాఁటి కెఱిఁగిన 63 మూలకములను పరమాణుభార క్రమమునఁ గూర్చి పట్టిక ప్రకటించెను. అందు ఖాళీలు వదలి, రానున్నవానికి మన సంస్కృత సంఖ్యాశబ్దములతో ఏక అల్యూమినియము, ఏక బోరాను, ఏక సిలికాను అని పేరులు పెట్టెను. అవి క్రమముగా 1875లో గాలియముగను, 1879లో స్కాండియముగను, 1886లో జెర్మేనియముగను లభించినవి. పాణినీయ వర్ణసమామ్నాయమే యీ పట్టికకుఁ బ్రేరణమని కొందఱందురు; పాణినిని ముద్రించిన బోట్‌లింక్ పండితుఁడు ఆ నగరముననే యుండుట నిజము. అయినను మూఁడు సంఖ్యాశబ్దములు అంత బరువును మోయఁజాలవని నా మతము. ఏక సిలికానునకు పీఠముండెను, వస్తువు లేదు. హీలియమునకు పేరుండెను, పీఠమే లేదు.

వస్తువు 1895లో దొరకినది. ముందటి యేఁడు ఆర్గానును కనుఁగొన్నవారిలో నొకఁడగు రామ్సే, క్లీవైటు అను యురేనియపు ఖనిజమును ఆమ్లములో వేసి వచ్చిన వాయువును పరీక్షింపఁగా, 27 ఏండ్లనాఁటి పసుపుగీత కనఁబడెను. క్రూక్స్ అది యదే యని కొలిచి చెప్పెను. అంతకు ముందే హిల్లెబ్రాండ్ అను అమెరికా రసాయనజ్ఞుఁడు ఇట్టి ఖనిజమునుండి ఆ వాయువును రాఁబట్టి నత్రజని యని యెంచియుండెను! వస్తువు చేతనున్నను కనుఁగొన్నవాఁడు కాలేదు.

ఇఁక పీఠము. 1911లో రూథర్‌ఫోర్డ్ పరమాణువునకుఁ గేంద్రకమును, 1913లో మోస్లీ కేంద్రకపు విద్యుదావేశమే మూలకక్రమమునకు ఆధారమనియుఁ జూపిరి. హీలియ పరమాణువున ప్రోటాన్లు రెండు, ఎలెక్ట్రానులు రెండు. మొదటి కక్ష్యకు రెండే చాలును గాన అది నిండినది. ఎవ్వరితోను సంధి చేసికొనదు. వెలి ఎలెక్ట్రానుల లెక్కనుబట్టి బెరీలియముపైఁ గూర్చుండవలసినది. స్వభావమునుబట్టి నియానుపైఁ గూర్చుండినది. మాహేశ్వర సూత్రములలో హకారము రెండుచోట్ల ఉపదేశింపఁబడినది, రెండువిధములగు కార్యములు దానివలన సిద్ధింపవలెను గాన. రసాయనజ్ఞులు హీలియమున కట్టి రెండవ పీఠమీయక స్వభావమునే ప్రమాణముగాఁ గొనిరి.

ఆ బాలునిచేత నిట్లు వ్రాయించితిని: “1868లో గుంటూరు, బందరులందుఁ జూడఁబడిన సూర్యజ్వాలల పసుపుగీతను లాకియర్ క్రొత్త మూలకపు గుర్తుగాఁ దలఁచెను, 1895లో రామ్సే ఆ మూలకమును భూమిపైఁ బట్టుకొనెను.” వాఁడు చదివి, పరీక్షకాగితములో జవాబునకు ఒక్క గీతయే యుండునని చెప్పెను.