ప్రయాణంలో చిన్న కెమెరా: ఫిలిం కెమెరా ఎంపిక – ఒక చారిత్రక పరిశీలన

విషయక్రమం
1. లక్ష్యాలు
2. ప్రస్తావన
3. గాజు పలకల కాలం
4. దాచిన కెమెరా, జేబు కెమెరా
5. 35 మి.మీ. ఫిలిం, లైకా
6. కెమెరా ఎంపిక: నాలుగు ప్రశ్నలు
7. కనిపించకపోవడం, దాక్కోవడం
8. సారాంశం
9. పదకోశం
10. మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• కెమెరా పరిమాణం తగ్గుతూ వచ్చిన క్రమాన్ని వివరించగలుగుతారు.
• క్షేత్ర పర్యటనకు తగిన చిన్న ఫిలిం కెమెరాను కారణాలు చెప్పి ఎంచుకోగలుగుతారు.
• పాత ఛాయాచిత్రాన్ని చారిత్రక ఆధారంగా పరిశీలించేటప్పుడు, అది ఎలాంటి కెమెరాతో తీసిందో ఎందుకు అడగాలో చెప్పగలుగుతారు.

2. ప్రస్తావన

శాసనం దొరికితే దాన్ని ఎవరు వేయించారు, ఎప్పుడు వేయించారు, ఎందుకు వేయించారు అని అడగడం మీకు ఇదివరకే అలవాటైంది. ఛాయాచిత్రం విషయంలోనూ అవే ప్రశ్నలు అడుగుతాం. అయితే మరొక ప్రశ్న కూడా అడగాలి. తీసినవారి చేతిలో ఎంత పెద్ద కెమెరా ఉంది? ఇది సాంకేతిక విషయమే కదా అనిపించవచ్చు. కానీ ఫొటోలో ఉన్న మనుషులు ఎలా నిలబడ్డారు, ఎటు చూస్తున్నారు, అసలు ఫొటో తీస్తున్న సంగతి వారికి తెలుసా లేదా అన్నవి చాలావరకు ఆ కెమెరా మీదే ఆధారపడి ఉంటాయి.

ఒక సందర్భం ఊహించుకోండి. మీరు ప్రాజెక్టు పని కోసం కొత్తగూడ ప్రాంతానికి వెళ్లారు. ఒకప్పటి వరంగల్ జిల్లాలో, ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో ఉన్న అటవీ మండలం ఇది. కోయలు, లంబాడీలు ఎక్కువగా నివసించే ప్రాంతం. గణపతిదేవుని కాలంలో, 13వ శతాబ్దంలో కట్టిన పాకాల చెరువు ఇక్కడికి దూరం కాదు. మీరు ఒక వారపు సంతలో నిలబడి పెద్ద కెమెరా బయటికి తీశారు. పిల్లలు చుట్టూ చేరతారు. బేరమాడుతున్న ఆమె మాట ఆపి కొంగు సర్దుకుంటుంది. తూకం వేస్తున్న చెయ్యి ఆగిపోతుంది. మీరు చూడడానికి వచ్చిన సంత కాసేపు సంతగా ఉండదు. అదే అరచేతిలో ఇమిడే కెమెరా అయితే బేరం సాగుతూనే ఉంటుంది. మరి తన ఫొటో తీశారని ఆమెకు తెలుసా?

ఈ యూనిట్‌లో మనం చర్చించేది ఈ రెండు విషయాలనే. చిన్న కెమెరా వల్ల ఏం సాధ్యమైంది? దాని వల్ల తీసేవారి మీద పడిన బాధ్యత ఏమిటి?

3. గాజు పలకల కాలం

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి పలక పద్ధతిలో గాజు పలకకు రసాయనం పూసి, అది ఆరకముందే ఫొటో తీసి, అక్కడికక్కడే కడగాలి. అంటే ప్రయాణంలో కెమెరాతో పాటు గాజు పలకలు, రసాయనాల సీసాలు, చీకటి గుడారం, మూడుకాళ్ల స్టాండు, వీటిని మోసే మనుషులు ఉండాలి. ఫొటో పడడానికి సెకన్లు పట్టేది కాబట్టి ఎదుటివారు కదలకుండా నిలబడాలి. 1871లో రిచర్డ్ మాడాక్స్ పొడి పలక పద్ధతిని సూచించాక చీకటి గుడారం అవసరం తప్పింది కాని, పెట్టె బరువు అంతగా తగ్గలేదు.

1868-75 మధ్య ఎనిమిది సంపుటాలుగా వెలువడిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా'ను ఈ నేపథ్యంలో చూడాలి. అందులో మనుషులు తమ పనిలో కనిపించరు. ఒక కులానికో తెగకో నమూనాగా నిలబెట్టినట్లు కనిపిస్తారు. దీనికి ప్రధాన కారణం వలస పాలకుల దృష్టి. కాని ఆనాటి కెమెరా కూడా ఆ దృష్టికి అనుకూలించింది. కదలవద్దని ఆజ్ఞాపించగలిగినవారే ఆనాడు సులువుగా ఫొటో తీయగలిగేవారు.

హైదరాబాద్ రాజ్యంలో ఈ కాలానికి ప్రతినిధి రాజా దీన్‌దయాళ్ (1844-1905). ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా ఆయన దర్బార్లు, భవనాలు, వేటలు, సైనిక విన్యాసాలు తీశారు. ఆయన చిత్రాల్లో ప్రతి అంగుళం స్పష్టంగా ఉంటుంది. పెద్ద పలక వల్ల కలిగిన లాభం అది. 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం ఆయన ప్రత్యేకంగా జనానా స్టూడియో ఏర్పాటుచేశారు. దాన్ని ఒక ఆంగ్ల మహిళ నిర్వహించారు. దీన్ని గుర్తుంచుకోండి. తమను ఎవరు చూడవచ్చు, ఎవరు చూడకూడదు అని చెప్పే హక్కు ఆ స్త్రీలకు ఉందని ఆ ఏర్పాటు ఒప్పుకుంది. అయితే ఆ హక్కు సంపన్న కుటుంబాలకే దక్కింది.

4. దాచిన కెమెరా, జేబు కెమెరా

1880లలో వేగంగా ఫొటో పట్టే పలకలు రావడంతో కెమెరా చేతిలోకి వచ్చింది. పొట్లంలా, సంచిలా కనిపించే కెమెరాలను యూరప్, అమెరికాల్లో 'డిటెక్టివ్ కెమెరా'లని అమ్మారు. 1886 నాటి స్టిర్న్ కెమెరాను చొక్కా మీది కోటు లోపల తగిలించుకుంటే, దాని లెన్స్ గుండీ కన్నంలోంచి బయటికి చూసేది. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ 100 ఫొటోలకు సరిపడే చుట్టతో కొడాక్ కెమెరాను విడుదల చేశాడు. 1912లో వచ్చిన వెస్ట్ పాకెట్ కొడాక్‌ను మొదటి ప్రపంచయుద్ధంలో ఎందరో సైనికులు జేబులో పెట్టుకుని వెళ్లారు.

1928లో జర్మన్ ఛాయాగ్రాహకుడు ఎరిక్ సాలమన్ ఫొటోలు నిషేధించిన బెర్లిన్ న్యాయస్థానంలోకి, టోపీలో ఎర్మనాక్స్ కెమెరా దాచుకుని వెళ్లి విచారణను ఫొటో తీశాడు. పత్రికా ఛాయాచిత్రణ చరిత్రలో ఇది పేరున్న ఘట్టం. అయితే ఇక్కడ ఒక తేడా గమనించాలి. సాలమన్ దాక్కుని తీసింది అధికారం ఉన్నవారిని, బహిరంగ విచారణను. అదే పద్ధతిని అధికారం లేనివారి మీద ప్రయోగిస్తే దాని అర్థం మారిపోతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) తడి పలక పద్ధతిలో ప్రయాణం ఎందుకు కష్టమయ్యేది?
(ఆ) జనానా స్టూడియో ఏర్పాటు ద్వారా తెలిసే సామాజిక విషయం ఏమిటి?

5. 35 మి.మీ. ఫిలిం, లైకా

ఇప్పుడు మనం వాడే చిన్న ఫిలిం కెమెరాలకు మూలం జర్మనీలోని లైట్జ్ సంస్థ. అక్కడ పనిచేసిన ఆస్కార్ బర్నాక్‌కు ఉబ్బసం ఉండేది. బరువైన కెమెరా మోస్తూ కొండలెక్కడం ఆయనకు కష్టం. సినిమాలకు వాడే 35 మి.మీ. ఫిలింను అడ్డంగా నడిపి, 24×36 మి.మీ. చట్రంలో ఫొటో తీసే చిన్న యంత్రాన్ని ఆయన 1913-14లో తయారుచేశాడు. యుద్ధం వల్ల ఆలస్యమై, 1925లో అది లైకా పేరుతో మార్కెట్‌లోకి వచ్చింది. చిన్న నెగటివ్ తీసి, పెద్ద ప్రింటు వేసుకోవడం దీని సూత్రం. ఒక రీలుకు 36 ఫొటోలు వచ్చేవి.

దీంతో ఛాయాగ్రాహకుడు నిలబడే చోటు మారింది. స్టాండు దగ్గర నుంచి జనం మధ్యలోకి వచ్చాడు. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు ఆన్రి కార్టియే-బ్రెసాన్ తన లైకా మీద మెరిసే లోహాన్ని నల్లగా కప్పి వీధుల్లో తిరిగేవాడు. 1947-48లో భారతదేశంలో ఉన్న ఆయన, 1948 జనవరి 30న గాంధీజీని హత్యకు కొద్దిసేపటి ముందు కలిశారు. తరవాత అంత్యక్రియల జనసందోహంలో ఆయన తీసిన చిత్రాలు ప్రపంచమంతా చూసింది. ఆ రద్దీలో స్టాండు నిలబెట్టి తీయడం సాధ్యం కాదు.

మన దేశంలో సామాన్యుల ఇళ్లకు కెమెరా మరో దారిలో వచ్చింది. ఇక్కడే తయారైన ఆగ్ఫా క్లిక్ III వంటి చవక కెమెరాలు మధ్యతరగతి ఇళ్లలో చేరాయి. 1960లో ఏర్పడిన హిందుస్థాన్ ఫొటో ఫిలింస్ సంస్థ ఊటీలో ఫిలిం తయారుచేసి 'ఇందు' పేరుతో అమ్మింది. పెళ్లి, తీర్థయాత్ర, కళాశాల విహారయాత్ర ఫొటోలు ఇంటివారే తీసుకోవడం మొదలైంది. మీ ఇంట్లో పాత ఆల్బం ఉంటే ఒకసారి చూడండి. స్టూడియోలో తీయించుకున్నవి, ఇంటివారు తీసినవి నిలబడిన తీరులోనే తెలిసిపోతాయి.

6. కెమెరా ఎంపిక: నాలుగు ప్రశ్నలు

డిజిటల్ యుగంలోనూ ఫిలిం కెమెరా వాడాలనుకునేవారు ఉన్నారు. నెగటివ్ చేతితో పట్టుకోగల ఆధారం కావడం ఒక కారణం, 36 ఫొటోలే ఉండడం వల్ల ఆలోచించి తీయడం మరొక కారణం. ఇలాంటి కెమెరా ఎక్కువగా పాతదే దొరుకుతుంది. ఎంచుకునేటప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

(అ) శబ్దం ఎంత? అద్దం పైకి లేచే ఎస్.ఎల్.ఆర్. కెమెరా చప్పుడు పది అడుగుల దూరానికి వినిపిస్తుంది. లెన్స్‌లోనే షట్టర్ ఉన్న చిన్న కెమెరా సన్నగా టిక్కుమంటుంది. 1990లలో వచ్చిన ఒలింపస్ మ్యూ వంటి ఆటోఫోకస్ కెమెరాల్లో షట్టర్ కన్నా ఫిలింను నడిపే మోటారు ఎక్కువ చప్పుడు చేస్తుంది. పైగా వీటిలో ఫ్లాష్ దానంతటదే వెలిగే ఏర్పాటు ఉంటుంది. మూత తెరిచిన ప్రతిసారీ దాన్ని ఆపడం మరిస్తే, చీకటి గుడిసెలో మెరుపు మెరిసినట్టవుతుంది.

(ఆ) ఫోకస్ ఎలా చేస్తారు? 1966లో వచ్చిన రోలై 35లో దూరాన్ని అంచనా వేసి లెన్స్ మీద తిప్పుకోవాలి. ఇది లోపంలా కనిపిస్తుంది కాని, ప్రయాణంలో సౌకర్యం. దాని 40 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/8 దగ్గర ఉంచి దూరం 3 మీటర్లకు పెడితే, సుమారు 2 నుంచి 5 మీటర్ల వరకు ఉన్నదంతా స్పష్టంగా వస్తుంది. కెమెరాను కంటికి ఆనించి సర్దుకుంటూ నిలబడే పని లేదు. 1979 నాటి ఒలింపస్ ఎక్స్‌ఏలో దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ ఉంది. పక్కకు జరిగే మూతే లెన్స్‌కు రక్షణ. యోషిహిసా మైతాని రూపకల్పన ఇది.

(ఇ) వెలుగు చాలుతుందా? ఎండలో 100 వేగం ఫిలిం సరిపోతుంది. కొత్తగూడ చుట్టుపక్కల టేకు చెట్ల నీడలోనో, ఇంటి వసారాలోనో అది చాలదు. 400 వేగం ఫిలిం, ఎఫ్/2.8 లెన్స్ ఉంటే ఫ్లాష్ లేకుండా పని జరుగుతుంది. ఫిలింను వేసవిలో ఎండలో నిలిపిన వాహనంలో వదలకండి. వేడికి రంగులు చెడతాయి.

(ఈ) బ్యాటరీ లేకపోతే? ఎక్స్‌ఏ, మ్యూ బ్యాటరీ లేనిదే పనిచేయవు. రోలై 35 షట్టర్ పూర్తిగా యాంత్రికం. దాని వెలుగు మీటరుకు వాడిన పాదరసం బ్యాటరీ ఇప్పుడు తయారు కావడం లేదు. అయినా వెలుగును కంటితో అంచనా వేయగలిగితే కెమెరా పనిచేస్తుంది. మారుమూల పల్లెల్లో తిరిగేవారికి ఇది చిన్న విషయం కాదు.

కొనేముందు వెనక తలుపు తెరిచి, కాంతి చొరకుండా ఆపే స్పాంజి పాడైందేమో చూడండి. లెన్స్‌లో బూజు ఉందేమో వెలుగుకు ఎదురుగా పెట్టి చూడండి. ఒక రీలు తీసి, కడిగించి చూసుకున్నాకే ప్రయాణం కట్టండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) దూరాన్ని ముందే నిర్ణయించుకుని ఫొటో తీయడంలో ప్రయోజనం ఏమిటి?
(ఆ) యాంత్రిక షట్టర్ ఉన్న కెమెరా ఎవరికి అనుకూలం?

7. కనిపించకపోవడం, దాక్కోవడం

మంచి కెమెరా దొరికింది అనుకుందాం. సంతలో ఎవరికీ తెలియకుండా 36 ఫొటోలు తీయవచ్చు. తీయాలా?

ఈ ప్రశ్నకు మన ప్రాంత చరిత్రలోనే ఒక పాఠం ఉంది. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ రెండో ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాద్ రాజ్యంలో ఉండిపోవలసి వచ్చింది. 1940 నుంచి చెంచుల మధ్య, తరవాత కొండరెడ్ల మధ్య, ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేశారు. భార్య బెట్టీ ఆయనకు తోడుగా ఉన్నారు. మార్లవాయిలో ఆమె సమాధి ఇప్పటికీ ఉంది. ఆయన ఛాయాచిత్రాలు లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. 1909లో వెలువడిన థర్‌స్టన్ సంపుటాల్లోని నమూనా చిత్రాలతో వీటిని పోల్చండి. హైమెన్‌డార్ఫ్ చిత్రాల్లో మనుషులు పని చేస్తూ, పండుగ జరుపుకుంటూ కనిపిస్తారు. కెమెరాలు చిన్నవి కావడం ఇందుకు కొంత కారణం. అసలు కారణం ఆయన ఆ గూడేల్లో చాలాకాలం ఉండడం, భాష నేర్చుకోవడం. కెమెరా కనిపిస్తూనే ఉంది, కాని అలవాటైపోయింది.

అయినా మరో మాట మరవకూడదు. ఆయన ప్రభుత్వ అండతో పనిచేసిన వ్యక్తి. ఫొటో వద్దని చెప్పే ధైర్యం ఆనాడు ఎందరికి ఉండి ఉంటుంది? ఆ చిత్రాలను ఆధారంగా వాడుకునేటప్పుడు మీరు ఈ ప్రశ్నను పక్కన పెట్టకూడదు.

ఇప్పుడు కొత్తగూడ ప్రాంతానికే వద్దాం. మేడారం జాతరకు సమ్మక్క భర్త పగిడిద్దరాజును ఇక్కడికి దగ్గర్లోని పూనుగొండ్ల నుంచి అడవి దారిన కాలినడకన తీసుకువెళ్తారు. భక్తులతో కలిసి నడిచేవారికి చిన్న కెమెరా అనుకూలమే. కానీ ఏ ఘట్టం తీయవచ్చు, ఏది తీయకూడదు అనేది నిర్ణయించేది పూజారులు, ఆ ఊరివారు. ముందే అడగండి. వద్దంటే కెమెరా సంచిలో పెట్టండి. ఆ వద్దన్న మాటను కూడా మీ నోట్సులో రాసుకోండి. అది కూడా ఆధారమే. పాకాల అభయారణ్యంలో ఫొటోలకు అటవీశాఖ అనుమతి కావాలి.

సంతలో ప్రతి ఒక్కరినీ ముందే అడిగితే సహజత్వం పోతుందని మీరు అనవచ్చు. నిజమే. అందుకు ఒక పద్ధతి ఉంది. మొదటి వారం కెమెరా మెడలో కనిపించేలా వేసుకుని తిరగండి, ఫొటో తీయకండి. కూరగాయలు కొనండి, మాట్లాడండి. ఎందుకు వచ్చారో చెప్పండి. రెండో వారం తీయండి. తీసిన తరవాత ఆమెకు చూపలేరు, అది ఫిలిం కదా! కాబట్టి ప్రింటు తెచ్చి ఇవ్వండి. ఆ ప్రింటు ఇచ్చినప్పుడు ఆమె చెప్పే మాటలు ఫొటోలో లేని చరిత్రను చెబుతాయి.

8. సారాంశం

పెద్ద కెమెరా మనుషులను కదలకుండా నిలబెట్టింది. చిన్న కెమెరా వారిని వారి పనిలో ఉండనిచ్చింది. అదే సమయంలో వారికి తెలియకుండా తీసే వీలు కూడా కల్పించింది. కాబట్టి కెమెరా ఎంపిక అంటే బరువు, లెన్స్, ధరల లెక్క మాత్రమే కాదు. ఎదుటివారికి మీరు ఎంత దూరంలో, ఏ హోదాలో నిలబడతారో నిర్ణయించుకోవడం. కనిపించకుండా కలిసిపోవడం వేరు, దాక్కోవడం వేరు. పాత ఫొటో చూసినప్పుడు ఈ రెంటిలో ఏది జరిగిందో అడగండి. కొత్తది తీసేటప్పుడు మిమ్మల్ని మీరు అడగండి.

9. పదకోశం

తడి పలక: రసాయనం ఆరకముందే ఫొటో తీసి కడగవలసిన గాజు పలక.
రేంజ్‌ఫైండర్: రెండు బింబాలను కలిపి దూరాన్ని కొలిచే అమరిక.
ఫిలిం వేగం: ఫిలిం వెలుగును గ్రహించే శక్తి. అంకె పెరిగితే తక్కువ వెలుగు చాలు.
ఎఫ్ సంఖ్య: లెన్స్ ద్వారం వెడల్పును తెలిపే కొలత. సంఖ్య తగ్గితే ద్వారం పెద్దదవుతుంది.

10. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కెమెరా పరిమాణంలో వచ్చిన మార్పులు ఛాయాచిత్రాల స్వభావాన్ని ఎలా మార్చాయో వివరించండి.
2. హైమెన్‌డార్ఫ్ ఛాయాచిత్రాలను చారిత్రక ఆధారాలుగా వాడేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. లైకా కెమెరా ప్రాముఖ్యం.
2. క్షేత్ర పర్యటనకు కెమెరా ఎంచుకునేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలు.

III. అభ్యాసకృత్యం
మీ ఇంట్లో లేదా ఊళ్లో ఉన్న ఒక పాత ఫొటోను తీసుకోండి. అందులోని వారు కెమెరాను చూస్తున్నారా, లేదా? ఆ ఫొటో తీసిన రోజు గుర్తున్నవారిని అడిగి ఒక పుట రాయండి.