వెబ్‌సైట్ ఫ్రేమ్‌వర్క్ మార్పిడి

ఒక వెబ్‌సైట్‌ను నడిపే ఫ్రేమ్‌వర్క్‌ను తీసేసి, ఉన్న సమాచారాన్ని, వీలైతే పాత వెబ్ చిరునామాలనూ అలాగే ఉంచి, సైటును మరో ఫ్రేమ్‌వర్క్ మీదికి తేవడమే ఫ్రేమ్‌వర్క్ మార్పిడి.

సరదాకి ఎవరూ ఈ పని పెట్టుకోరు. పాతదానికి భద్రతా సవరణలు ఆగిపోవడమే తరచు కారణం. 2010లో వచ్చిన ఆంగ్యులర్‌జెఎస్ ఫ్రేమ్‌వర్క్‌కు గూగుల్ 2021 డిసెంబరు 31తో మద్దతు ముగించింది. 2016లో వచ్చిన ఆంగ్యులర్ 2 పేరుకే దాని వారసురాలు. పాత కోడ్ అందులో నేరుగా నడవదు. వ్యూ 2 అనే మరో ఫ్రేమ్‌వర్క్‌కూ 2023 చివర్లో మద్దతు ఆగిపోయింది.

మార్చడానికి దారులు రెండు. మొత్తం ఒకేసారి తిరగరాయడం మొదటిది. నెట్‌స్కేప్ తన బ్రౌజర్ విషయంలో అలా చేసి ఘోరంగా దెబ్బతిన్నదని సాఫ్ట్‌వేర్ రచయిత జోయెల్ స్పోల్స్కీ 2000లో దుయ్యబట్టాడు. రెండోది పేజీ తర్వాత పేజీ మార్చుకుంటూ పోవడం. ముందు ఒక ప్రాక్సీని నిలిపి, తయారైన పేజీలను కొత్త సైటుకు, మిగతావాటిని పాతదానికి పంపుతారు. మరో సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ 2004లో ఈ పద్ధతికి ఆస్ట్రేలియా అడవుల్లో చూసిన మర్రిజాతి చెట్టు పేరు పెట్టాడు. తాటిచెట్టును చుట్టేసిన మర్రిని చూసినవారికి వేరే వివరణ అక్కర్లేదు.

దారి ఏదైనా, ఎప్పుడు మార్చాలన్నదీ చూసుకోవాలి. ఉదాహరణకు, నూజివీడు ప్రాంతపు మామిడి అమ్మకాల సైటుకైతే ముహూర్తమే కీలకం. బంగినపల్లి, చిన్న రసాలు అమ్ముడయ్యే వేసవిలో సైటును కదిలించకూడదు. వానాకాలంలో మొదలుపెట్టి పూతకాలానికి ముగించాలి. పాత డేటాను కూడా యథాతథంగా తరలిస్తే చాలదు. 2022 ఏప్రిల్ 4న నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. అంతకుముందు నమోదైన తోటల, కొనుగోలుదారుల చిరునామాల్లో జిల్లా గడి సరిచూడాలి. పాత బిల్లులను మాత్రం ముట్టుకోకూడదు.

తెలుగులో ఉన్న వెబ్ చిరునామాలదీ పెద్ద తలనొప్పే. యుటిఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో తెలుగు అక్షరానికైనా, గుణింతపు గుర్తుకైనా 3 బైట్లు పడతాయి. ‘నూజివీడు’లో అలాంటివి 8 ఉన్నాయి కాబట్టి మొత్తం 24 బైట్లు, వెబ్ చిరునామాలో శాతం గుర్తులతో రాస్తే 72 అక్షరాలు. డేటాబేస్ ఎన్‌కోడింగ్ ఎక్కడైనా తప్పితే ఊరిపేరు పిచ్చిగీతలవుతుంది.

వెబ్ చిరునామాలు మారక తప్పకపోతే ప్రతి పాత లంకెనూ 301 దారిమళ్లింపుతో కొత్తదానికి కలపాలి. ఈ దారిమళ్లింపులను కనీసం ఏడాది ఉంచమని గూగుల్ సలహా.